పెత్రమాసకు తయారు కాని బండి

మా దుకాణం షట్టర్ ముందు ఒక పికప్ నిలబడి ఉంటుంది. దాని నెత్తిన మడతపెట్టిన గుడారం, పక్కన నలభై లీటర్ల నీళ్ల ట్యాంకు, వెనుక లాగితే బయటికి వచ్చే గ్యాస్ పొయ్యి, ముందు అద్దం పక్కనుంచి పైకి లేచిన గాలిగొట్టం. ఎంత లోతు నీళ్లలో దిగినా ఇంజనుకు ఊపిరి ఆడటానికట ఆ గొట్టం. దారిన పోయేవాళ్లు ఆగి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. "అన్నా, ఏమేం ఊర్లు తిరిగినవే?" అని అడుగుతారు. నేను వినపడనట్టు మోటారు విప్పుకుంటూ కూర్చుంటాను. అది అలా తయారయ్యాక తిరిగింది ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా దేనికి తిరిగిందో వీళ్లకు చెప్పాలని నాకు లేదు.

నేను మహబూబ్‌నగర్‌లో బోరు మోటార్లు బాగు చేస్తాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో పెట్టిన దుకాణం. కాలిపోయిన మోటారును పొలం నుంచి తేవాలి, కొత్త తీగ చుట్టాలి, మళ్లీ తీసుకుపోయి బోరులో దించాలి. అందుకోసమే ఒక కాంట్రాక్టరు వాడి పడేసిన పికప్ కొన్నాను. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. దుక్కిలోకైనా, వాగులోకైనా పోతుంది. నా పనికి అదే ఎక్కువ. దాంతో సరిపెట్టుకుని ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

మా అమ్మా బాపూ పాలమూరు లేబర్, అంటే మా జిల్లా నుంచి వలసపోయి మట్టి పని చేసే కూలీలు. ఆ రెండు మాటలు మా వైపు మనిషికి ఎలా వినపడతాయో మీకు తెలియకపోవచ్చు. ఎక్కడ కాలువ తవ్వాలన్నా, కట్ట పోయాలన్నా గుంపు మేస్త్రీ ఊళ్లోకి లారీ తెచ్చేవాడు. ఆ లారీలో మనుషులు, మూటలు, జొన్న బస్తాలు, గంపలు, మేకపిల్లలు అన్నీ ఒకటే లెక్క. నన్ను అవ్వ దగ్గర వదిలేసి వాళ్లు ఎక్కేవాళ్లు. అమ్మ ఎప్పుడూ లారీ వెనుక అంచున జొన్న బస్తా మీద కూర్చునేది, మలుపు తిరిగేదాకా నేను కనపడాలని. ఆ బస్తా మీద కూర్చున్న అమ్మను చూస్తే నాకు ఏడుపు రాకపోయేది, ఒళ్లు మండేది. బడిలో పిల్లలు "మీ అమ్మ సామానుతోపాటే పోయిందిరా" అని ఎక్కిరించేవాళ్లు. ఒకడి ముక్కు పగలగొట్టాను కూడా.

ఒక ఏడు హుజూర్‌నగర్ అవతల కాలువ పనికి పోయారు. అక్కడ తాటిపత్రి పట్టా కప్పిన గుడిసెలో నాకు ఒక చెల్లె పుట్టింది. పదకొండు నెలలు బతికింది. జ్వరం వచ్చి, దవాఖాన దాకా పోకుండానే పోయింది. చిన్నపిల్లను కాల్చరు కాబట్టి కాలువ కట్ట మీద, తూము పక్కన, తుమ్మచెట్టు కింద బాపు గుంత తీసి పెట్టాడు. గుర్తుకు మూడు రాళ్లు. తెల్లారి అమ్మ మళ్లీ గంప ఎత్తింది. ఎత్తకపోతే మేస్త్రీ ఊరుకోడు. పని అయిపోగానే లారీ వచ్చింది, ఎక్కి వచ్చేశారు. నేను ఆ చెల్లెను చూడనే లేదు.

అప్పటినుంచి ప్రతి పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే నాడు చనిపోయిన వాళ్ల పేరున బియ్యం ఇచ్చే అమావాస్యకు, అమ్మ మా ఇంట్లో ఒక దొంగపని చేస్తుంది. పెద్దల పేరున అన్నీ అయ్యాక, ఎవరూ చూడటం లేదనుకుని చిన్న మోదుగాకులో ఇంత బెల్లమన్నం పెట్టుకుని పెరటి గోడ దగ్గరికి పోతుంది. పసిపిల్లలకు పెట్టే ఆచారం లేదని బాపు కోప్పడేవాడు. బాపు పోయాక కూడా ఆమె చాటుగానే పెడుతుంది. మేమూ చూడనట్టే ఉంటాం.

మూడేళ్ల కింద మిరుగం నాడు, మృగశిర కార్తె కదా అని చేపల కూర తింటున్నప్పుడు, అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"బిడ్డా, నన్ను ఒక్కసారి ఆడికి తోల్కపో."

"ఏడికమ్మా?"

"కాలువ కాడికి. కట్టకు సిమెంటు పోస్తరట. చిన్నమ్మ చెప్పింది. మిషిన్లు రాకముందే ఒక్కసారి చూడాలె. గీ పెత్రమాసకు ఆ పిల్లకు ఆడనే పెడత."

చిన్నమ్మ అంటే అమ్మతో పాటు ఆ కట్ట మీద మట్టి మోసిన మనిషి. రక్తసంబంధం ఏమీ లేదు. దేవరకొండ దగ్గర ఊళ్లో ఉంటుంది. పెత్రమాసకు ఇంకా నాలుగు నెలలు ఉంది. నేను వెంటనే సరే అన్నాను. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయి, మరునాడు బండి తీసి ఉంటే సరిపోయేది. నాకు అలా ఆగిపోవడం ఎక్కడ తెలుసు?

"నువ్వు బస్సుల పోవద్దు, ఆటోల పోవద్దు" అన్నాను. "నేను బండి తయారు చేస్త. పండుకుంట పోవాలె నువ్వు. ఆడ ఒక రాత్రి ఉందాం."

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఆ ఊరివాళ్లు మా అమ్మను లారీ వెనుక బస్తా మీద చూశారు. ఇప్పుడు ఆమె మంచి బండిలో దిగడం చూడాలి. ఆనాడు చూసినవాళ్లలో ఇప్పుడు ఎవరు మిగిలి ఉన్నారో, ఉన్నా వాళ్లకు ఆమె ఎందుకు గుర్తుంటుందో నేను ఆలోచించలేదు.

ఫోన్‌లో వీడియోలు చూడటం అప్పుడే మొదలైంది. ఎడారుల్లో, మంచుకొండల్లో జనం పికప్‌లను ఇళ్లు చేసుకుని తిరుగుతున్నారు. గుడారం వేసుకుని, బయట పొయ్యి పెట్టుకుని, చెట్టుకింద వండుకుని తిని, ఆహా ఓహో అంటున్నారు. మా అమ్మ ముప్పై ఏళ్లు ఇదే చేసింది. ఆమెను మాత్రం ఎవరూ వీడియో తీయలేదు. ఆ మాట మా ఇంట్లామెతో అంటే, "అంత తెలిసినోనివి మల్ల గా గుడారం ఎందుకు కొంటున్నవ్?" అని అడిగింది. నాకు చిర్రెత్తుకొచ్చి అన్నం మీదనుంచి లేచిపోయాను.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొని బండి బొమ్మలు గీశాను. పక్కనుంచి, పైనుంచి, వెనుకనుంచి. బొమ్మ సరిపోలేదనిపించి ఒక ఆదివారం దుకాణంలో మోటార్లన్నీ ఒక పక్కకు జరిపి, బండ మీద సుద్దతో పికప్ వెనుక భాగం అసలు కొలతకు గీశాను. ఇక్కడ పరుపు, ఇక్కడ నీళ్లు, ఇక్కడ పొయ్యి. అమ్మను పిలిచి ఆ గీతల నడుమ పడుకోమన్నాను.

అమ్మ చెప్పులు గీత అవతలే విడిచింది. కొంగు సర్దుకుని పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఒక చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంది.

"కాళ్లు చాపమ్మా, కొలత తీసుకోవాలె."

"గిట్లనే అలవాటు బిడ్డా. గుడిసెల కాళ్లు చాపితే పక్కోళ్లకు తగుల్తుండె."

"ఇది గుడిసె కాదు. చాపు."

చాపింది. టేపు పెట్టి కొలిచాను. ఆరడుగులు రాసుకున్నాను. అమ్మ లేచి కూర్చుని సుద్దగీతల వైపు చూసి, "నాకింత జాగెందుకురా? నీ పక్కన సీట్ల కూసుంట గదా" అంది. నువ్వు ఊకో అమ్మా, నీకు తెల్వదు అన్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నోటి మీద నాకే కొట్టుకోవాలనిపిస్తుంది.

పని ఒక షెడ్డులో ఇచ్చాను. అక్కడి వెల్డర్ నాకు ఇరవై ఏళ్ల దోస్తు, నమాజుకు తప్ప దేనికీ మిషన్ ఆపని మనిషి. మా అమ్మను అమ్మా అనే పిలుస్తాడు. మొదటి నెల వెనుక డబ్బాకు ఇనుప చట్రం కట్టాడు. ఆ బరువుకు చక్రాల మీది కమాన్‌పట్టీలు ఆగవని అవి మార్పించాను. అవి మారిస్తే బండి జానెడు ఎత్తు లేచింది. ఎత్తు లేస్తే పాత టైర్లు బొమ్మబండి టైర్ల లాగా కనిపించాయి. అందుకని పెద్ద పళ్ల బురద టైర్లు కావాలన్నాను. ఒక మార్పు ఇంకో మార్పును వెంట తెచ్చేది. నాకు దానిలో ఎంత సుఖం ఉండేదో చెప్పలేను. పొద్దున్నే లేచి నోట్‌బుక్ తెరిచేవాణ్ణి. పొలంలో మోటారు దించుతూ కూడా గుడారం మెట్లు ఏ పక్కకు పెట్టాలా అని ఆలోచించేవాణ్ణి. ఎవరడిగినా అమ్మ కోసం అని చెప్పేవాణ్ణి. వాళ్లు మెచ్చుకునేవాళ్లు.

వెల్డర్ ఒక్కడే మెచ్చుకోలేదు. గాలిగొట్టం బిగించే రోజు ముఖం మీది కవచం పైకెత్తి, "అన్నా, హుజూర్‌నగర్ దాంక తారు రోడ్డే గదా. ఆడికెళ్లి కట్ట జరంత దూరం. గీ గొట్టం ఎందుకు? కాలువల మునుగుతవా ఏంది?" అన్నాడు.

"నీకు పని కావాల్నా వద్దా?"

"నాకు పని కావాలె. గని అమ్మకు పెత్రమాస కావాలె. దగ్గరకొచ్చింది చూసుకో. కావాలంటే నా వ్యాను తీస్కపో, రేపే పో."

ఎవరి బండో అడుక్కుని పోయే గతి మాకు లేదని అన్నాను. అతను కవచం దించుకుని మళ్లీ నిప్పురవ్వలు రేపాడు.

పెత్రమాస వచ్చింది. టైర్లు రాలేదు. వారం నుంచి ముసురు. అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, ఎర్రంచు చీర కట్టుకుని, చేతిసంచి సర్దుకుని వరండాలో కూర్చుంది. నేను ఆమె పక్కన నిలబడి వాన వైపు చూపిస్తూ చెప్పాను.

"కట్ట మీద నల్లరేగడి అమ్మా. గీ టైర్లు జారుతయి. కాలువల పడితే ఇద్దరం పోతం. టైర్లు రానీ, దీపావళికి పోదాం."

"మిషిన్లు వస్తయేమో బిడ్డా."

"సర్కారు పని అంత జల్ది అయితదా? ఏం ఫికర్ చెయ్యకు."

"మంచిది" అంది. సంచిలోంచి మోదుగాకు తీసి లోపలికి పోయింది. సాయంత్రం గోడ దగ్గర ఎప్పటిలాగే పెట్టింది. నేను టైర్ల దుకాణంవాడితో ఫోన్లో తిట్లకు దిగి, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు దాచి లాభం లేదు. ఆ టైర్లతోనే పోవచ్చని నాకు ఆ పొద్దున తెలుసు. అంతకన్నా పెద్ద బురదలో నేను మోటార్లు మోసుకుని పోయాను. సగం రంగు వేసిన బండిలో, గుడారం లేకుండా పోవడం నాకు ఇష్టం లేదు, అంతే. అమ్మకు చెప్పింది అబద్ధం.

దీపావళి పోయింది. టైర్లు వచ్చాయి, గుడారం రాలేదు. గుడారం వచ్చింది, దాని బరువుకు పైన చట్రం ఊగింది, మళ్లీ షెడ్డుకు. మార్పులన్నీ ఆర్టీఏ ఆఫీసులో చూపించాలని ఎవరో అంటే దానికి కొన్నాళ్లు. అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోతే మరిచిపోయిందనుకున్నాను. నిజానికి నేనే మరిచిపోయాను. బండి ఎక్కడికి పోవాలో నా నోట్‌బుక్‌లో ఎక్కడా రాసుకోలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో అమ్మ, "చిన్నమ్మ ఇంటికి పోయొస్త, రెండు దినాలు" అంది. నేనే బస్టాండుకు దింపాను, ఆ పికప్‌లోనే. ఎత్తు పెరిగిన బండి ఆమెకు ఎక్కరాలేదు. రెండుసార్లు కాలు ఎత్తి దించింది. మోకాలు పట్టుకుని నిలబడింది. నేను అవతలి పక్కనుంచి చెయ్యి పట్టి లాగితే ఎలాగో పైకి వచ్చింది. "దీనికొక మెట్టు పెట్టిస్తనమ్మా" అన్నాను. దారంతా కొత్త కమాన్‌పట్టీలు గుంతల్లో ఎంత మెత్తగా పోతున్నాయో చూడమన్నాను. ఆమె ఒళ్లో తువ్వాలలో చుట్టిన స్టీలు డబ్బా ఉంది. బెల్లం, యాలకుల వాసన వస్తోంది.

"ఏందమ్మా అది?"

"చిన్నమ్మకు బెల్లమన్నం."

ఇంకేదో అడగబోయాను. అప్పుడే షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది.

మరునాడు పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చింది. డబ్బా బరువుగానే ఉంది. మూత తీసి ఒక ముద్ద నోట్లో వేసుకుని ఉమ్మేశాను. "పులిసిపోయిందమ్మా. చిన్నమ్మ తినలేదా? పారెయ్యి" అన్నాను. అమ్మ నా చేతిలోంచి డబ్బా తీసుకుని పెరటి గోడ వైపు పోయింది. పారేయడానికే అనుకున్నాను.

ఉగాది దాటిన నాలుగో రోజు బండి తయారైంది. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, హారన్ కొట్టుకుంటూ ఇంటిముందు ఆపాను. మెట్టు కూడా పెట్టించాను. అమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అమ్మా, రేపు పొద్దున పోదాం. సంచి సదురుకో."

"ఏడికి?"

"ఏడికి అంటవేంది? కాలువ కాడికి."

"నేను పోయొచ్చిన బిడ్డా."

గింజ తీసి గిన్నెలో వేసింది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చెడ్డ కోపం వచ్చింది. ఏడాది కష్టం అన్నాను, నీ కోసమే చేసిన అన్నాను, నాకు ఒక్క మాట చెప్పకుండా దొంగలాగా పోతవా అన్నాను. వీధివాళ్లు తొంగిచూశారు. అమ్మ నేను అరిచినంతసేపూ గింజలు తీస్తూనే ఉంది.

"చెప్పిన గదా కొడుకా. మిరుగం నాడు చెప్పిన. పెత్రమాసకు సంచి పట్టుకోని కూసున్న. ఇంకెట్ల చెప్పాలె?"

లోపలికి పోయి చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఆమెను కూడా తిడదామనే చేశాను. ఆమె నాకు ఆ సందు ఇవ్వలేదు.

"బస్సుల హుజూర్‌నగర్ పోయినం. ఆడికెళ్లి ఆటో. తూము ఉన్నది గని చెట్టు లేదు, రాళ్లు లేవు. దసరా ఎల్లంగనే మిషిన్ వచ్చి కట్ట చెక్కి సిమెంటు పోసిందట. మీ అమ్మ శానసేపు అటు ఇటు తిరిగింది. తర్వాత ఆ సిమెంటు మీదనే కూసున్నది. ఆకు పరిచింది గని అన్నం పెట్టలే. 'ఏడ పెట్టాలె చెల్లె, పిల్ల ఏడున్నదో' అన్నది. మల్ల డబ్బా మూత పెట్టుకున్నది."

చిన్నమ్మ మళ్లీ అంది. "నీకు చెప్పొద్దన్నది బిడ్డా. పోరడు బండి సంబురంల ఉన్నడు, ఎందుకు ఖరాబు చేసుడు అన్నది."

దసరా వెళ్లగానే. పెత్రమాసకు, దసరాకు మధ్య పది రోజులు. పెత్రమాస నాడు వానలో, పాత టైర్లతో, రంగు లేని బండిలో పోయి ఉంటే చెట్టు ఉండేది, మూడు రాళ్లు ఉండేవి. ఆ సాయంత్రం నేను ఉమ్మేసిన ముద్ద ఎవరిదో అప్పుడు తెలిసింది. బాత్రూములోకి పోయి గడియ పెట్టుకుని ఏడ్చాను. అమ్మ మీద జాలితో కాదు, నా మీద అసహ్యంతో.

మరునాడు అమ్మను రమ్మని బతిమాలాను. "నాకు మోకాళ్లు లేవు. నువ్వు పోయిరా" అంది. ఒక్కణ్ణే పోయాను. హుజూర్‌నగర్ దాకా తారు రోడ్డు, తర్వాత కట్ట మీద కొత్తగా పరిచిన గట్టి దారి. ఎక్కడా ఒక గుంత లేదు. నాలుగు చక్రాల గేరు ముట్టుకునే పనే పడలేదు. ఒక తూము, ఇంకో తూము, మరో తూము, అన్నీ ఒకటే తీరు. రెండు వైపులా తెల్లని సిమెంటు వాలు. ఒకచోట బర్రెలు కాస్తున్న ముసలాయనను తుమ్మచెట్టు గురించి అడిగితే, "తుమ్మలు శాన ఉండె, అన్నీ తీసేసిండ్రు" అన్నాడు. బండి చుట్టూ తిరిగి చూసి, సినిమా షూటింగా అని అడిగాడు.

మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగి, చివరికి బండి ఆపి అమ్మకు ఫోన్ చేశాను.

"ఏ తూము అమ్మా? ఇక్కడ అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి."

చింతగింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు వినపడింది.

"నాకే దొరకలే, నీకేడ దొరుకుతది బిడ్డా. ఏడున్నవో ఆడనే దిగు. ఇన్ని నీళ్లు పోసి రా. ఎండల తిరగకు."

దిగాను. నలభై లీటర్ల ట్యాంకు కుళాయి తిప్పాను. అంతవరకు దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. నీళ్లు ఇంకడానికి అక్కడ పిడికెడు మట్టి లేదు. సిమెంటు మీద నుంచి జారి నేరుగా కాలువలో పడ్డాయి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నిలబడి, బండి ఎక్కి ఇంటికి వచ్చేశాను.